మారుమొక్కు

పది గంటలకు ఎండగంట మోగింది. ఎర్రకొండపాళ్యంలో ఎండగంట మోగిందంటే ఇక సాయంత్రం ఐదింటిదాకా బయట నరమానవుడు కనిపించకూడదని అర్థం. కూరగాయల బండ్లు గొడుగులు ముడుచుకుని సందుల్లోకి జారుకున్నాయి. బడిపిల్లలు అప్పటికే ఇళ్లకు చేరారు. వీధికుక్కలు ఎవరూ చెప్పకుండానే మురుగుకాల్వ వంతెన కిందికి వెళ్లిపోయాయి. ఊరు ఊరంతా ఎవరి చల్లగదిలో వాళ్లు తలుపులు బిగించుకుని కూర్చుంది. ఆ రోజు అక్షయ తదియ. బయట యాభై ఒక్క డిగ్రీలు.

కరెంటు పంపకాల గదిలో ఇంజనీరు కుళ్ళాయప్ప మాత్రం మహా హుషారుగా ఉన్నాడు. మనిషికి యాభై ఏడేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులు, ఇంటికెళితే పలకరించే దిక్కు లేదు. అయినా ఆ పూట పెళ్లికొడుకులా ఇస్త్రీ చొక్కా తొడుక్కొచ్చాడు. ఎందుకు తొడుక్కోడు? సాయంత్రం మంత్రిగారు వచ్చి ఊరి చివర ఉన్న గ్యాసు కరెంటు కేంద్రానికి శాశ్వతంగా తాళం వేయబోతున్నారు. పొగన్నది లేకుండా, ఎండా గాలీ ఇచ్చిన కరెంటుతోనే బతకగలమని నిరూపించిన మొదటి ఊరు రాష్ట్రం మొత్తంలో ఇదే. ఆ ఘనతలో సగం తనదేనని కుళ్ళాయప్ప పైకి అనడు గానీ, లోపల అనుకోకుండా ఉండలేడు.

అనుకోవడంలో తప్పు లేదు. బొగ్గు కేంద్రాలు మూసేశాక ప్రభుత్వం తలకింతని కరెంటు కొలిచి పంచింది. దానికి తలవాటా అని పేరు. ఉన్నవాళ్లు లేనివాళ్ల వాటాలు కొనెయ్యడం మొదలుపెట్టారు. అందుకని ఒకరి వాటా ఇంకొకరు వాడకూడదని చట్టం చేశారు. చాటుగా అమ్ముకున్నవాళ్లు పక్కింటి చల్లగదుల్లో దూరారు. అందుకని ప్రతి చల్లగది గుమ్మానికీ ఒక వాటాపెట్టె బిగించారు. లోపలికి ఎవరొచ్చినా అది పోల్చుకుంటుంది. వాటా లేని మనిషి ఒక్కడు ఉన్నా సరే, గది మొత్తానికీ చల్లగాలి ఆపేస్తుంది. మనిషి ఆశ ఎన్ని దొడ్డిదారులు వెతుకుతుందో అన్నీ ముందుగా ఊహించి కట్టిన యంత్రం అది.

ఇంత చేసినా కరెంటు చాల్లేదు. జరిమానాలు వేశారు, గోడల నిండా నినాదాలు రాశారు, ఇంటింటికీ తిరిగి దండాలు పెట్టారు. గ్యాసు కేంద్రం పొగ కక్కుతూనే ఉంది. అప్పుడు ఒక సమావేశంలో కుళ్ళాయప్ప లేచి, "సర్కారు అడిగితే మనోళ్లు చిటికెడు ఉప్పు గూడా ఇయ్యరు సార్. అదే దేవుడికైతే తలనీలాలు ఇస్తారు, నిలువుదోపిడీ ఇస్తారు. దేవుడితోనే అడిగిద్దాం" అన్నాడు.

అలా పుట్టింది వెలుగుకంబం. గుడి, దర్గా, చర్చి, మూడింటి మధ్య మైదానంలో నలభై అడుగుల గాజు కంబం. ఎవరైనా తమ వాటాలో కొంత స్వామికో పీరుకో ప్రభువుకో సమర్పిస్తే కంబం ఆ మేరకు వెలుగుతుంది. అలా మిగిలిన కరెంటు తాగునీటి పంపులకూ ఆసుపత్రికీ పోతుంది. వెలుగు కంబం మీది గీత దాటి నిలిస్తేనే గ్యాసు కేంద్రానికి తాళం పడుతుంది. ఏటా అక్షయ తదియనాడు ఎండగంటతో ఆ సమర్పణలు అమల్లోకి వస్తాయి. ఇచ్చింది ఏడాదిదాకా వెనక్కి రాదు. ఈ ఆఖరి షరతు కూడా కుళ్ళాయప్పదే. పొద్దున ఇచ్చి, మధ్యాహ్నం ఎండ మాడితే తిరిగి పుచ్చుకుంటారని అతని భయం. తప్పనిసరై వాపసు ఇవ్వాలంటే మూడు ముద్రలు పడాలి. మతపెద్దది ఒకటి, ఎమ్మెల్యేది ఒకటి, ఇంజనీరుది ఒకటి. ఇంతవరకు ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

పదింబావుకు అతని ఫోను మోగింది. అక్క కూతురు సువర్ణ.

"మామా, పాప చల్లతొట్టి నడ్చడం ల్యా. పొద్దున్నుంచీ బాగుండె. గంట కొట్టినప్పటి నుంచి ఎర్రదీపం పడతాంది."

"తీగ ఊడిందేమో చూడమ్మీ."

"అన్నీ చూస్తి. చల్లగదిలోకి ఎత్తుకోని పోతే ఆ గది గూడా ఆగిపోయ. నాకేమో భయమైతాంది మామా."

కుళ్ళాయప్పకు చురుక్కుమంది. ఆ పాప ఏడో నెలలో పుట్టింది. ఇరవై నాలుగు రోజులు ఆసుపత్రి గాజుపెట్టెలో ఉండి, చల్లతొట్టి తప్పనిసరి అని రాయించుకుని ఇంటికొచ్చింది. ఇంకా పేరు కూడా పెట్టలేదు. తండ్రి గాలిమరల కొండ మీద పని చేస్తాడు. సువర్ణ పురిటికొచ్చి పుట్టింట్లోనే ఉంది. కుళ్ళాయప్ప గబగబా ఆ గడప వివరాలు తెరిచాడు.

పాప. వయసు నలభై మూడు రోజులు. తలవాటా: పూర్తిగా సమర్పితం, ఏడాదికి. సమర్పించినవారు: గడప పెద్ద హంపమ్మ.

ఆ పేరు రెండుసార్లు చదివాడు. హంపమ్మ అతని సొంత అక్క. కిందటి నెలలో జరిగిందంతా కళ్లముందు తిరిగింది. బిడ్డ గాజుపెట్టెలో ఉన్నన్నాళ్లూ ఆమె పచ్చి మంచినీళ్లు తప్ప పగలు ఏమీ ముట్టలేదు. బిడ్డ బతికి బట్టకట్టి ఇంటికొస్తే, పుట్టువెంట్రుకలు స్వామికి ఇచ్చినట్టే, దాని తొలివాటా కూడా ఏడాదిపాటు స్వామిదేనని మొక్కుకుంది. బిడ్డకు మొదట వచ్చేది ఏదైనా దేవుడిదే కదా. తల్లి ఒడిలో పడుకునే పిల్లకు వేరే గాలెందుకు, తల్లికొచ్చే గాలే దానికీ చాలుతుందని ఆ పెద్దావిడ లెక్క. వాటాపెట్టె సంగతి ఆమెకు ఎవరు విడమరిచి చెప్పారు గనక?

మొక్కు చెల్లించిన రోజు కంబం దగ్గర ఆమె వేలు పట్టుకుని పలక మీద ఒత్తించింది ఎవరు? కుళ్ళాయప్పే. గర్వంతో పొంగిపోయి, ఎంత ఇస్తోందో గడి చూడను కూడా లేదు. పైపెచ్చు మైకు చేతికిచ్చి మాట్లాడించాడు. ఊరంతా చప్పట్లు కొట్టింది. ఎక్కువ వాడుకోకుండా వంద తాళాలు వేసిన యంత్రంలో, ఎక్కువ ఇచ్చెయ్యకుండా ఒక్క గొళ్లెమైనా లేదు. ఉండాల్సి వస్తుందని ఎవరికీ తట్టలేదు. అతనికీ తట్టలేదు.

"అమ్మీ, తడిగుడ్డ చుట్టి పెట్టు. గది ఆగినా చలవ కాసేపు ఉంటాది, ఎవురింట్లోనన్నా కూచోబెట్టుకుంటారేమో అడుగు. నేను గంటలో సరిచేస్తా" అన్నాడు.

చలువకోటు తొడుక్కుని సర్కారు స్కూటరు మీద బయల్దేరాడు. ఎండవేళ బయట తిరగడానికి అనుమతి ఉన్న ఏడెనిమిది మందిలో అతనొకడు.

ఆ ఏడు మతపెద్దల వంతు దర్గా ముజావరు మస్తాన్ సాయిబుది. ఎనభై ఏళ్ల మనిషి. చాప మీద కూర్చుని విసనకర్ర విసురుకుంటున్నాడు. తన వాటాలో సగం ఇచ్చేశాడు గనక చల్లగది అంతంతమాత్రంగానే నడుస్తోంది. కుళ్ళాయప్ప చెప్పిందంతా విని, ఆలోచన కూడా చెయ్యకుండా ముద్ర వేసేశాడు.

"ఏం కుళ్ళాయప్పా, నీకు పీరు పేరు పెట్టింది మీ నాయన ఉత్తపుణ్యానికా? పీర్ల ముందర కొండంత మొక్కు మొక్కి, తీర్చలేక, చక్కెర చదివించి పోయినోళ్లని ఎంతమందిని చూసినా నేను. పీరు ఎవుర్నీ ఏమీ అనలా. ఆ చక్కెరే తీసుకునె. మీ గాజుకంబానికి ఆ మాత్రం తెలివి ల్యాకపాయ."

"దానికి చెప్పినంతే తెలుస్తాది తాతా."

"చెప్పింది ఎవురు మరి?" అని ముసలాయన విసనకర్ర అందుకున్నాడు. కోపంగా అనలేదు. అయినా ఆ మాట కుళ్ళాయప్పకు కొరడాతో కొట్టినట్టే తగిలింది.

మైదానం దాటుతుండగా సువర్ణ మళ్లీ ఫోను చేసింది. మూడిళ్లు తిరిగిందట. పాపతో లోపలికి అడుగుపెడితే చాలు, గది ఆగిపోతోంది. మొదటి ఇంట్లో ముసలామె ఆయాసంతో ఎగబోసింది. రెండో ఇంట్లో వెళ్లిపొమ్మన్నట్టు తలుపు తెరిచి పట్టుకున్నారు. మూడో ఇంట్లో కిటికీలోంచే చేతులు జోడించారు. ఆసుపత్రి ముప్పై కిలోమీటర్లు. ఎండగంట తర్వాత అంబులెన్సు స్పృహ తప్పినవాళ్లకే వస్తుంది.

"పాలు తాగడం ల్యా మామా. ఒళ్లు కాలిపోతాంది. ఏడ్చడం గూడా మానుకునె."

"వస్తాండా. వస్తాండా అమ్మీ."

ఎమ్మెల్యే జయచంద్ర సభాభవనంలో సాయంత్రం ఏర్పాట్లు చూస్తున్నాడు. నలభై ఏళ్లవాడు, మాట నెమ్మది. చెడ్డవాడనడానికి వీల్లేదు. కుళ్ళాయప్పను కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ తెప్పించి, అంతా విన్నాడు. విని ముద్ర తీయలేదు.

"అన్నా, గీతకు పైన ఇంకా ఎన్ని వాటాలు ఉండాయో నీకు తెలుసు."

"ఇరవై మూడు."

"ఒకరికి వాపసిస్తే మజ్జానానికి వందమంది నిలబడతారు. కంబం గీత దిగితే తాళం పడదు. తాళం పడకపోతే మళ్లా పొగే. మా నాయన ఆ పొగకే దగ్గి దగ్గి పోయినాడు. నీ కండ్లముందరే గదా."

"ఆడ బిడ్డ పోతాంది జయచంద్రా."

"బిడ్డని చంపుకోమని నేను అంటాండానా?" అతను కాసేపు కళ్లు మూసుకుని ఆలోచించాడు. తర్వాత ముఖం విప్పారింది. "వాపసు అనాకు. మారుమొక్కు అను. అదే గడపలోనించి ఇంకొకరు అంతే వాటా ఇచ్చినారనుకో, కంబం కదలదు, బిడ్డది బిడ్డకొస్తాది. అది మార్పే గానీ వాపసు కాదు. మూడు ముద్రలు అక్కర్ల్యా. ఇచ్చేటోళ్లు పలకకు సమ్మతమంటే చాలు."

కుళ్ళాయప్పకు పోయిన ప్రాణం లేచొచ్చినట్టయింది. ఇంత సులువు దారి తనకెందుకు తట్టలేదా అని సిగ్గు కూడా పడ్డాడు. తన వాటా ఇద్దామంటే గడప వేరు. సువర్ణ పాలిచ్చే తల్లి. ఉన్నది అక్క ఒక్కతే. అక్కడే నిలబడి చేతిపలక తెరిచి, ఆమెకు ఫోను చేశాడు.

"అంతేనా నాయనా? దానికేముంది, నాది రాసుకో. మొక్కు తప్పినట్టు కాదు గదా?"

"తప్పినట్టు కాదక్కా. మారుమొక్కు. సమ్మతమే అని గట్టిగా చెప్పు, పలక వింటాది."

"సమ్మతమే."

అంతే. ఫోనులోంచి తొట్టి గుయ్యిమని మొదలైన చప్పుడు వినిపించింది. సువర్ణ ఏడుస్తూ నవ్వుతోంది. జయచంద్ర అతని భుజం తట్టి, ఇలాంటి ఇక్కట్టు ఇంకెవరికైనా ఉంటే ఎవరి పలకలో వాళ్లే మారుమొక్కు చేసుకోవచ్చని ఊరి మైకులో చెప్పించమని పక్కవాళ్లకు పురమాయించాడు. కుళ్ళాయప్ప మజ్జిగ గ్లాసు ఎత్తి గటగటా తాగాడు.

గ్లాసు కింద పెట్టకముందే ఫోనులో వాటాపెట్టె గొంతు వినబడింది. ఎంతో మర్యాదగల ఆడగొంతు. వాటా లేని మనిషి గదిలో ఉన్నారు, దయచేసి ఖాళీ చేయగలరు.

"మామా, మళ్లా ఆగిపాయ" అంది సువర్ణ.

తర్వాత ఆమె, "అమ్మా, యాడికి?" అనడం, తలుపు తీసి మూసిన చప్పుడు, మళ్లీ తొట్టి గుయ్యిమనడం వరసగా వినిపించాయి. కుళ్ళాయప్ప స్కూటరు వైపు పరుగెత్తాడు. కంబం గురించి ఆలోచించాడు, బిడ్డ గురించి ఆలోచించాడు, గడప గురించి కూడా ఆలోచించాడు. వాటా ఇచ్చేసిన మనిషి ఎక్కడ కూర్చుంటుందన్నది ఒక్కటే ఆలోచించలేదు.

అతను వెళ్లేసరికి హంపమ్మ వీధి అరుగు మీద కూర్చుని ఉంది. తల మీద తడి తువ్వాలు, పక్కన చెంబుతో నీళ్లు. డెబ్బై మూడేళ్ల మనిషి. ముఖం కందగడ్డలా ఉంది గానీ, కళ్లలో మాత్రం పేరంటానికి వచ్చినంత సంబరం.

"ఎండలో పడి వస్తివా? లోపలికి పో. పాప పాలు తాగుతాంది."

"అక్కా, లే. లోపలికి రా."

"రమ్మనాకు నాయనా. నేను గడప దాటితే దానికి ఆగిపోతాది. ఇప్పుడే ఒకతూరి ఆగె."

కుళ్ళాయప్ప తన చలువకోటు విప్పి ఆమె భుజాల మీద కప్పాడు. అదీ మనిషిని పోల్చుకుంటుంది. ఆమె ఒంటి మీద పడగానే చల్లదనం ఆగిపోయి, ఉత్త బరువుగా వేలాడింది. ఆమె దాన్ని తీసి మళ్లీ అతనికే తొడిగింది.

"వాపసు పెట్టిస్తా. ముజావరు తాత ముద్ర వేస్తాడు. జయచంద్ర కాళ్లు పట్టుకునైనా..."

"ఒకటి ఇచ్చి దాని బదులు ఇంకోటి ఇచ్చినా. అదీ తీసుకుంటే ఇంక మొక్కేం మిగిలిందిరా? బిడ్డ ఎట్ల బతికిందో నీకేం తెలుసు. నువ్వు దినమ్మూ ఒకతూరి వచ్చి చూసిపోతివి. నేను ఇరవై నాలుగు దినాలు ఆ గాజుపెట్టె ముందర నిలబడితి." ఆమె తల మీద తువ్వాలు సర్దుకుంది. "ఇచ్చింది వెనక్కి అడిగితే పాపమని మైకులో ఊరందరికీ చెప్తివే, అక్కకొక్కదానికి కాదా?"

అతను తల దించుకున్నాడు. అవును, చెప్పాడు. ఏడాది పొడుగునా, వాడవాడలా తిరిగి చెప్పాడు. ఇప్పుడు ఏ మాట అందామన్నా తన మాటే అడ్డమొస్తోంది.

"ఏడాదంతా ఈ అరుగు మీదే కూచుంటావా?"

"ఎండాకాలం ఎన్నాళ్లులే. ఐదింటికి గంట కొడతారు గదా."

పన్నెండున్నరకు ఊరి మైకు మారుమొక్కు గురించి ప్రకటించింది. కాసేపటికి ఎదురింటి తలుపు తెరుచుకుంది. రిటైరైన బస్సు డ్రైవరు సిద్దప్ప ఒక మడతకుర్చీ చంకన పెట్టుకుని బయటికొచ్చి, గోడవార నీడలో వేసుకుని కూర్చున్నాడు.

"నువ్వు గూడానా సిద్దప్పన్నా?" అని అడిగింది హంపమ్మ.

"మనవనికి. నువ్వు మైకులో మాట్లాడితివి గదా తల్లీ, అది విని మా ఇంటామె వాని తొలివాటా ఇచ్చేసి వచ్చె. పొద్దున్నించి వాడు ఒకటే ఏడుపు." సిద్దప్ప జేబురుమాలుతో మెడ తుడుచుకుని నవ్వాడు. "ఇప్పుడు నిద్రపోయినాడు."

కుళ్ళాయప్ప చేతిపలక తెరిచాడు. మార్పుల పట్టీలో పేర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. అరవై ఎనిమిదేళ్లు. డెబ్బై ఒకటి. ఎనభై. డెబ్బై ఆరు. అక్క మాట విని పసివాళ్ల తొలివాటాలు సమర్పించిన ఇళ్లు నలభై ఒకటి ఉన్నాయట. ఆ సమర్పణల పట్టీ అతను ఇంతవరకు తెరిచి చూడలేదు. నలభై ఒక్క ఇళ్లలో పొద్దున పదింటికి తొట్లు ఆగిపోయాయి. ఇప్పుడు ఒక్కొక్కటే మళ్లీ నడుస్తున్నాయి. కంబం వెలుగు మాత్రం రవ్వంత కూడా దిగలేదు.

ఈ మార్పులు ఆపించడానికి రాజధానికి ఫోను చేశాడు. ఎండవేళ ఎవరూ ఎత్తలేదు. జయచంద్రకు చేశాడు. సభకు సంబంధించినవి తప్ప వేరే ఫోన్లు ఇవ్వడం లేదన్నారు. అతను సందు మొదట్లోకి వెళ్లి రెండు వైపులా చూశాడు. అరుగుల మీద, మెట్ల మీద, గోడవారల్లో ముసలివాళ్లు కూర్చుని ఉన్నారు. కొందరు ఒకరినొకరు పలకరించుకుంటున్నారు. ఎవరి ముఖంలోనూ కష్టపడుతున్నట్టు లేదు. దాంతో అతనికి ఇంకా భయం వేసింది.

రెండింటికి సిద్దప్ప కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. ఇంట్లోవాళ్లు పరుగున వచ్చి తల మీద నీళ్లు పోశారు. లోపలికి మాత్రం తీసుకుపోలేదు.

మూడింటికి హంపమ్మకు చెమట ఆగిపోయింది. మాట్లాడుతున్నది కాస్తా మధ్యలో ఆపి, "ఆ పిల్లకి మన అమ్మ పేరు పెట్టుకోమని చెప్పురా" అని, తమ్ముడి భుజానికి ఆనుకుంది. ఆ తర్వాత ఎంత పిలిచినా పలకలేదు. కుళ్ళాయప్ప అంబులెన్సుకు ఫోను చేశాడు. పాళ్యం నుంచి అది పంతొమ్మిదో పిలుపనీ, వరసలో ఉండమనీ అటునుంచి చెప్పారు.

అతను అక్కను రెండు చేతుల్లో ఎత్తుకుని లేచాడు. ఎత్తడానికి ఆమెలో బరువే లేదు. కాలితో తలుపు తోశాడు. లోపలి నుంచి చల్లగాలి ముఖానికి తగిలింది. తొట్టి పక్కన సువర్ణ నిలబడి ఉంది. ఒక చెయ్యి తొట్టి మీద ఉంది, రెండోది నోటికి అడ్డం పెట్టుకుంది. తల్లిని చూసింది, మేనమామను చూసింది. ఏడుస్తూనే ఉంది గానీ, రమ్మని అనలేదు. వద్దని కూడా అనలేదు.

కుళ్ళాయప్ప చాలాసేపు అలాగే నిలబడ్డాడు. తర్వాత గడప ఇవతల కూలబడి, అక్క తల ఒడిలో పెట్టుకుని, తలుపు తన చేత్తోనే దగ్గరికి వేశాడు.